తోడేళ్ళ తర్జుమా

మా అయ్యకి తోడేలంటే చర్చిలో ప్రసంగాల్లో విన్న తోడేలే. మందను చెదరగొట్టే దొంగ. రంగూన్‌లో పుట్టి, అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసి, తాకేటాలో ఈ చెక్క ఇల్లు వేసుకున్న మనిషికి అంతకు మించి తోడేలుతో పని పడలేదు. అలాంటివాడు ముసలితనంలో, షుగరు వల్ల రెండు కళ్ళూ పోయాక, భూమికి ఉత్తరం కొసన మంచులో బతికే తెల్ల తోడేళ్ళ గుంపు మీద మనసు పారేసుకున్నాడు. ఆ గుంపే నా కొంప ముంచింది.

ఇంట్లో నలుగురం. అయ్య, నేను, నా తమ్ముడు, వాడి పెళ్ళాం. నేను పెద్దదాన్ని, పెళ్ళి చేసుకోలేదు. బడి పిల్లలకి తెల్ల చొక్కాలు, ఆకుపచ్చ లుంగీలు కుడతాను. తమ్ముడు లైను బస్సు నడుపుతాడు, ఆదివారం కూడా వాడికి సెలవుండదు. వాడి పెళ్ళాం, అంటే నా మరదలు, బర్మా పిల్ల. పున్నమికి పగోడాకి వెళ్తుంది, క్రిస్మస్‌కి మా చర్చికి వచ్చి అందరికన్నా ముందు గిన్నెలు కడుగుతుంది. తెలుగు మా వంటింట్లో నేర్చుకుంది. మామగారిని మావా అనాలి కదా, తను మాత్రం తమ్ముడు ఎలా పిలిస్తే అలా "అయ్యా" అంటుంది. మొదటి రోజే దిద్దుదామనుకున్నాను. అయ్య మురిసిపోయి "ఉండనీయే, బాగుంది" అన్నాడు. నా కడుపుమంటకి అదే మొదటి పుల్ల.

చర్చిలో నాది తర్జుమా పని. మాది తెలుగు చర్చే గానీ, బయటినుంచి వచ్చే పాస్టర్లు బర్మా భాషలో ప్రసంగిస్తారు. మా ముసలివాళ్ళకి సంతలో చేప బేరమాడేటంత బర్మా వచ్చు, దేవుడి మాట మాత్రం తెలుగులో వింటేనే వాళ్ళకి ఒంటికి పడుతుంది. అందుకని పాస్టరు గారి పక్కన నిలబడి, ఆయన ఒక వాక్యం ఆపగానే నేను దాన్ని తెలుగులో చెబుతాను. ఈ పని నాకు నేర్పిన ముసలావిడ ఒకటే మాట చెప్పింది. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. ఆయన నవ్వినా నువ్వు నవ్వకూడదు, ఆయన ఏడ్చినా నువ్వు ఏడవకూడదు. ఇన్నేళ్ళలో నేను ఒక్క మాట కలపలేదు. నేను ముందుకెళ్ళి నిలబడితే ముందు వరుస ముసలమ్మలు కొంగులు సర్దుకుని కూర్చుంటారు. నాకున్న ఆస్తి అదే, నాకు దాని మీద గర్వం కూడా ఉంది, ఎందుకు దాచుకోవాలి.

చూపు పోయాక అయ్య అన్నం మానేశాడు. పూర్తిగా కాదు, రెండు ముద్దలు తిని చాలంటాడు. పులుసు కలిపినా, పప్పుచారు పోసినా అదే. కళ్ళజూడని కూడు నోటికి మట్టిలా ఉందనేవాడు. మనిషి రోజురోజుకీ చొక్కాలో ఒదులైపోతుంటే, కొలతలు తీసే దాన్ని కదా, నాకు టేపు అక్కర్లేకుండానే తెలిసేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి టీవీ పెట్టాను. గాలి హోరు, దాని మీద పొడుగ్గా ఒక ఊళ.

"ఏటే అది? ఎవులు ఏడస్తన్నారు?" అన్నాడు అయ్య.

"తోడేళ్ళు అయ్యా. మంచు దేశంలో."

"ఏటి సేస్తన్నాయి?"

బర్మా గొంతుతో ఎవరో చెబుతున్నారు. నేను అలవాటుగా అయ్య పక్కన కుర్చీ వేసుకుని తర్జుమా మొదలుపెట్టాను. ఆ దేశంలో చెట్టు లేదు, చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనబడడు. ఒక రాతి గుహ ముందు ఒక మగ తోడేలు, ఒక ఆడ తోడేలు, వాటి ఎదిగిన పిల్లలు, ఆ ఏడు పుట్టిన కూనలు. గుంపు అంటే మరేం కాదు, ఒక కుటుంబమే. పెద్ద జంటే కంటుంది, మిగతావన్నీ ఆ కూనల్ని సాకుతాయి. చెబుతూ చెబుతూ ముద్దలు కలిపి అందించాను. అయ్య వింటూ వింటూ కంచం ఖాళీ చేశాడు. అది గమనించి నేను వంటింట్లోకెళ్ళి ఒక నిమిషం కళ్ళు తుడుచుకుని వచ్చాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే వరస. ఆ కార్యక్రమం వారానికొకసారి, కరెంటు ఉంటేనే. తోడేళ్ళు పరిగెత్తినంతసేపూ అయ్య తింటాడు. నా చేతి ముద్ద, నా నోటి మాట. ఆయనకి నేను కళ్ళు కూడా అయ్యాననుకున్నాను.

నా తర్జుమా ఎలా ఉండేదో చెప్పాలి. "అప్పుడు ఆ ఆడ తోడేలు వేటనుండి తిరిగి వచ్చెను. తన కడుపులోని ఆహారమును కూనల యెదుట కక్కెను." చర్చిలో అలవాటైన నోరు, అది అలాగే వస్తుంది. అయ్య ఒకసారి నవ్వి, "తోడేలు గురించి సెప్పమంటే పాస్టరు గారిని తెచ్చి కూకోబెట్టినావే" అన్నాడు. దాన్ని నేను మెప్పు అనుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం తామ్వే పేటలో ఒక తెలుగువాళ్ళింట్లో కృతజ్ఞతా కూటమి. తర్జుమాకి నన్ను పిలిచారు. వెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చి సందులో ఉండగానే మా ఇంట్లోంచి నవ్వు వినబడింది. అయ్య నవ్వు. అలా పళ్ళు లేని నోటితో పొట్ట పట్టుకుని నవ్వడం అమ్మ పోయాక నేను వినలేదు. సంతోషం వేయాలి కదా. వేయలేదు. గుమ్మంలో చెప్పులు విప్పకుండా అలాగే నిలబడిపోయాను.

నా కుర్చీలో మరదలు. బుగ్గల మీద బర్మావాళ్ళు గంధంలా అరగదీసి రాసుకునే తనకా పూత, మోకాళ్ళ మధ్య లుంగీ దోపుకుని, టీవీ వైపు చెయ్యి ఊపుతూ చెబుతోంది.

"అయ్యా, బావ ఒచ్చీసినాడు! పెద్దమ్మ ఒచ్చీసింది! గుంటలు పరుగు, పరుగు. నోరు నాకతన్నాయి. పెద్దమ్మ కక్కీసింది. ఉవ్వే! గుంటలు తినీసినాయి. అయ్యా, నువ్వూ నోరు తెరు."

అయ్య నోరు తెరిచాడు. తను ముద్ద పెట్టింది.

గుంపులో ఒక్కొక్క తోడేలుకీ వరస కలిపేసింది. పెద్ద మగదానికి పెదనాన్న, పెద్ద ఆడదానికి పెద్దమ్మ, వేటలో ముందుండే కుర్రదానికి బావ. కూనలన్నీ గుంటలు, మా ఇంటి మాటలో చిన్నపిల్లలు. నేను "మొదటి తోడేలు, రెండవ తోడేలు" అని చెప్పేదాన్ని. ఇంతలో టీవీలో గుహ దగ్గర ఒక ఆడ తోడేలు కనబడింది. అందరూ వేటకి పోతే కూనల్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఉండిపోయే తోడేలు. దానికి పిల్లల్లేవు.

"ఇది వదిన" అంది మరదలు. "వదిన ఇంటికాడే. గుంటలు వదిన సెవి కొరికీస్తన్నాయి. తోక లాగీస్తన్నాయి. వదినకి కోపం. పళ్ళు సూపిస్తంది. కొట్టదు మాత్రం."

అయ్య ఇంకోసారి పొట్ట పట్టుకున్నాడు. "మన వదినే, అచ్చం మన వదినే!"

నేను చెప్పులు ఠప్పుమని విసిరాను. మరదలు ఉలిక్కిపడి లేచి, "వదినా, రా, కూకో" అని కుర్చీ ఇవ్వబోయింది. వద్దన్నాను. తలనొప్పి అన్నాను. లోపలికెళ్ళి మిషను ముందు కూర్చుని, ఎవరిదో కాలరు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకున్నాను.

మరుసటి ఆదివారం నేను కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకున్నాను. అయ్య మెడ తిప్పి వంటింటి వైపు చెవి పెట్టాడు. "కోడలుపిల్ల లేదేటి?" అన్నాడు.

కత్తితో పొడిచినా ఆ మాటకన్నా నయం. ఇన్నేళ్ళు ఆ మనిషికి బట్టలుతికింది ఎవరు, గోళ్ళు తీసింది ఎవరు, సూదిమందు పొడిచింది ఎవరు? నిన్న గాక మొన్న వచ్చి, "తెరువు" అని కూడా నోరు తిరగక "తెరు" అనే పిల్ల కోసం చెవులు రిక్కిస్తాడా? పాస్టర్ల మాటల్ని ఒక్క అక్షరం జారకుండా మోసిన నా నోరు తోడేళ్ళకి చాలదా?

నాకు కుళ్ళు. ఇందులో సన్నాయి నొక్కులు ఏమీ లేవు. పచ్చి కుళ్ళు.

ఆపై వారం ఒక ఎత్తు వేశాను. టీవీ మొదలయ్యే వేళకి, పులుసుకి చేప కావాలని మరదల్ని సంతకి పంపాను. చిన్న చేప కాదు, పెద్దది, దగ్గరుండి ముక్కలు కొట్టించుకుని రమ్మన్నాను. తను గొడుగు తీసుకుని వెళ్ళింది. నేను కంచం తెచ్చుకుని, నా తర్జుమా నేను చేశాను. తోడేళ్ళు ఒకదాని వెనక ఒకటి బారుగా పోతున్నాయి. ముందుది లోతు మంచులో అడుగేస్తే, వెనకవన్నీ అదే అడుగులో అడుగేస్తున్నాయి, అలా అయితే తక్కిన వాటికి అలుపుండదు. ఇది వింటే అయ్యకి రేవులో రోజులు గుర్తొస్తాయని తెలుసు నాకు. పడవ నుంచి మిల్లు దాకా వేసిన పలక మీద, భుజాన బస్తాలతో, ముందున్నవాడి అడుగే అందరి అడుగు. గుర్తొచ్చింది కూడా. "మేమూ అలాగే పోయేవోలం" అన్నాడు. ముద్ద అందించాను. నోరు మూసుకున్నాడు.

"కోడల్ని రానీ. పోయినోరం బావ కుంటినాడు కదా, కాలు బాగయిందో నేదో, అది సెప్తాది."

మరదలు వచ్చేసరికి కార్యక్రమం అయిపోయింది. అయ్య తినలేదు. కలిపిన అన్నం కంచంలోనే ఆరిపోయింది. నా ఎత్తు నా మూతి మీదే పడింది. పైగా ఆ పిల్ల చెమటలు కక్కుకుంటూ, "వదినా, మంచి సేప దొరికింది" అని నవ్వు మొహంతో చూపించింది. ఆ నవ్వు చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడు రాజీ పడ్డాను. తనని చెప్పనిచ్చి, ముద్ద మాత్రం నేనే పెడతానన్నాను. అయ్యకి ఒక పక్క నేను, ఒక పక్క తను. తను తప్పు మాట్లాడినప్పుడల్లా దిద్దేదాన్ని. "వచ్చీసింది కాదు, వచ్చింది." "తినీసినాయి కాదు, తిన్నాయి." అయ్య మోకాలితో నన్ను నెట్టాడు. "నువ్వూరుకోయే. ఆ తోడేళ్ళ ఎనకాల పడాల మనం, మాటలు దిద్దుకుంటా కూకుంటే ఎలాగ?"

ఆ రోజు జూలు నేల దాకా వేలాడే అడవి ఎడ్ల వేట. తోడేళ్ళు చుట్టుముట్టగానే ఎడ్లన్నీ దూడల్ని లోపల పెట్టుకుని, కొమ్ములు బయటికి తిప్పి, గుండ్రంగా నిలబడతాయి. దాన్ని మరదలు ఎంత ఉత్సాహంగా చెప్పిందంటే, ఎవరి వైపు ఉండాలో తెలియక అయ్య దూడ కోసం అయ్యో అన్నాడు, గుహలో గుంటలు ఆకలితో ఉన్నాయని గుర్తొచ్చి మళ్ళీ అయ్యో అన్నాడు. నాకు కూడా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ పిల్ల దగ్గర ఏదో ఉంది. ఒప్పుకోవడానికి నాకు చేదుగా ఉంది గానీ, ఉంది.

ఇంకో వారం ఎక్కడినుంచో ఒంటరి ఆడ తోడేలు ఒకటి వచ్చింది. వేరే గుంపుది. దూరంగా ఉండి ఈ గుంపు వెనకే నడుస్తుంది, వీళ్ళు తిని వదిలేసిన ఎముకలు నాకుతుంది. దగ్గరికొస్తే వదిన తోడేలు పళ్ళు చూపించి తరుముతుంది. అది వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తుంది, మళ్ళీ పోతుంది, మళ్ళీ వస్తుంది. మరదలు ఈసారి చేతులు ఊపలేదు. "ఇది నాలాగ" అంది నెమ్మదిగా. "కొత్త మరదలు. భయం దీనికి. అయినా ఎలిపోదు." చివరికి ఆ తోడేలు గుంపు మధ్య ముడుచుకుని పడుకుంది, ఎవరూ తరమలేదు. అయ్య చెయ్యి చాపి గాల్లో తడుముకుని, మరదలు తల దొరికితే దాని మీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

నా తల ఇవతలి పక్కనే ఉంది. అదే ఎత్తులో. ఆ చెయ్యి ఇటు రాలేదు. అయ్యకి కళ్ళు లేవు కదా, పొరపాటు అని సర్దిచెప్పుకోవచ్చు. నాకు సర్దుకోలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు నేను.

ఆఖరి భాగం వచ్చింది. ఆకాశం మబ్బుగా ఉంది, కరెంటు ఉంటుందో లేదోనని అయ్య పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉన్నాడు. సమయానికి ఉంది. మంచు తుఫాను. పెద్దమ్మని అడవి ఎద్దు కొమ్ముతో పొడిచింది. వెనక కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. గుంపుకి ఆకలి, ఆగితే కూనలు చస్తాయి. ఒకటొకటిగా గట్టు దాటి అవతలికి పోయాయి. పెద్దమ్మ ఒక్కతే మంచులో కూలబడింది. గాలికి బొచ్చంతా లేచిపోతోంది. తల ఎత్తి ఊళ వేసింది, ఆగి చెవులు పెట్టి విన్నది.

"అవతల్నుంచి సప్పుడొచ్చిందా?" అన్నాడు అయ్య. అప్పుడే ఫ్యాను ఆగింది, టీవీ నల్లబడింది.

సందులో ఎవరో విసుక్కున్నారు. మా ఇంట్లో బ్యాటరీ కూడా దిగిపోయి ఉంది. కరెంటు వస్తే వీధి పిల్లలు బర్మాలో "మీ లాబీ!", కరెంటొచ్చిందోయ్ అని ఒకటే కేక పెడతారు. ఆ కేక కోసం ముగ్గురం చెవులు పెట్టుకుని కూర్చున్నాం. రాలేదు.

"మరేటయింది?" అన్నాడు అయ్య. "కోడలుపిల్లా, ఎనక్కొచ్చినారా దానికోసం?"

"తెలీదు అయ్యా" అంది మరదలు. "బొమ్మ ఎలిపోయింది."

"నీకేటనిపిస్తంది?"

"సూడలేదు కదా అయ్యా. ఎలా సెప్తాను?"

కళ్ళకి కనబడింది చెప్పడమే తనకి వచ్చు. కనబడనిది కల్పించడం ఆ పిల్లకి చేత కాదు. అయ్య కంచాన్ని నెమ్మదిగా పక్కకి జరిపాడు. సగం అన్నం అలాగే ఉంది. ఆయన మొహం చూశాను. అది తోడేలు కోసం పడే బెంగ కాదు. చీకట్లో కూర్చుని, తనవాళ్ళు ముందుకెళ్ళిపోతే వెనక మిగిలిపోయానని అనుకునే మనిషి మొహం.

నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒచ్చింది అయ్యా" అన్నాను. "వదిన ఎనక్కొచ్చింది."

మరదలు తల తిప్పి నన్ను చూసింది. నేను తన వైపు చూడలేదు.

"అందరూ గట్టు దాటినాక లెక్క సూసుకుంది. పెద్దమ్మ లేదు. ఇంకెవులూ ఆగనేదు, ఆకలి మరి. వదిన ఒక్కతే ఎనక్కి తిరిగింది. అడుగులు మంచు కప్పీసింది, దారి నేదు. ఊళ ఎటునుంచి వినపడితే అటు నడిసింది. దారిలో ఒక తెల్ల కుందేలు దొరికింది. తనకీ ఆకలే, అయినా దాన్ని అరగనివ్వనేదు, కడుపులోనే దాసుకుంది. ఒచ్చి పెద్దమ్మ ముందు కక్కీసింది. తిను, అంది. పెద్దమ్మకి తినబుద్ధి నేదు. అయినా తిను, అంది. ఊరుకోనేదు. పక్కనే పడుకుని గాలికి అడ్డం పెట్టింది. తెల్లారేదాకా నెగనేదు."

ముద్ద కలిపి ఆయన పెదాలకి ఆనించాను. అయ్య నోరు తెరిచాడు. నమిలాడు. ఇంకొకటి పెట్టాను, అదీ తిన్నాడు. చర్చిలో ఇన్నేళ్ళు ఒక్క మాట కలపని నోరు ఇంత కథ అల్లేసింది, అదీ మరదలి తెలుగులో. అయ్య అడిగాడు.

"మరి ఆ కొత్తది? మరదలు? అది రానేదా?"

"అది పడుకుంది అయ్యా" అన్నాను. "కడుపునిండా తినీసి, గట్టు అవతల పడుకుంది."

పక్కనుంచి ఫక్కున నవ్వు. "నిజమే అయ్యా" అంది మరదలు. "అది బద్దకంది."

అయ్య కూడా నవ్వాడు. ఆఖరి ముద్ద దాకా తిన్నాడు, వేళ్ళతో కంచం తడిమి ఏమీ మిగల్లేదని చూసుకున్నాడు. తర్వాత గాల్లో చెయ్యి చాపాడు. ఈసారి ఇటు. నా తల దొరికింది. ఆ అరచెయ్యి ఇంకా గరుకుగానే ఉంది, బస్తాల మోత ఎక్కడికీ పోలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంతకాలం అడక్కుండా అడిగింది ఇదే. ఇప్పుడొక్క మాట అంటే చాలు, ఇక నాకేమీ అక్కర్లేదనుకున్నాను. అయ్య అన్నాడు.

"బాగా సెప్పినావే. ఇంచుమించు కోడలుపిల్లంత బాగా సెప్పినావు."

నేను తడిగుడ్డ అందుకుని ఆయన మూతి తుడిచాను. అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే తుడిచాను.